వేరు పొయ్యి పెట్టే ముందు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక కంపెనీలో టెక్ లీడ్‌గా పనిచేస్తున్నాను. అపాయింట్‌మెంట్లు, ల్యాబ్, ఫార్మసీ, బిల్లింగ్ విభాగాలకు నాలుగు టీములు, మొత్తం 27 మంది డెవలపర్లం. అందరి కోడూ ఒకే రియాక్ట్ (వెబ్ తెరలు కట్టే చట్రం) అప్లికేషన్‌లో ఉంది. ల్యాబ్ తెరలు కొన్ని మాత్రం అలాంటిదే అయిన పాత యాంగులర్‌జేఎస్‌లోనే మిగిలిపోయాయి. రెండు వారాలకు ఒకసారి రిలీజు. బిల్లింగ్‌లో ఒక తప్పు బయటపడితే ఫార్మసీ వాళ్లు పూర్తి చేసిన పని కూడా ఆగిపోతుంది. మైక్రో ఫ్రంటెండ్లకు (ఒక్కో టీము తన తెరలను వేరుగా తయారుచేసి విడుదల చేసుకునే పద్ధతికి) మారదామని, ఆరు నెలల్లో అప్లికేషన్ మొత్తాన్ని విడగొట్టాలని, ఏ టీముకు నచ్చిన చట్రం (ఫ్రేమ్‌వర్క్) ఆ టీము వాడుకోవచ్చని మా మేనేజర్ గారు అంటున్నారు. నాకు ఆశా ఉంది, భయమూ ఉంది. కాదంటే మార్పుకు అడ్డుపడుతున్నానని అనుకుంటారేమో. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

నమస్కారం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన మాట "ఫార్మసీ వాళ్లు పూర్తి చేసిన పని కూడా ఆగిపోతుంది" అన్నది. తమ పని పూర్తయ్యాక కూడా పక్కవాళ్ల కోసం కాచుకుని కూర్చోవలసి రావడమనే బాధ కోసమే మైక్రో ఫ్రంటెండ్ పుట్టింది. కోడ్ గజిబిజిగా ఉందనో, తెరలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయనో ఈ దారి పడితే ఆ రెండు బాధలూ తగ్గకపోగా పెరుగుతాయి. నా సలహా ముందే చెప్పేస్తాను. విడగొట్టండి, కానీ ల్యాబ్ ఒక్కదానితో మొదలుపెట్టండి. ఆరు నెలల గడువుకు ఒప్పుకోకండి. ఫ్రేమ్‌వర్క్ విషయంలో గట్టిగా నిలబడండి.

అయితే అంతకంటే ముందు ఒక వారం రోజుల పని ఉంది. గత మూడు నెలల రిలీజులు బయటికి తీయండి, ఓ ఆరు ఉంటాయి. ప్రతి మార్పూ ఏ రోజు పూర్తయింది, ఏ రోజు ఆసుపత్రికి చేరింది, మధ్యలో ఎందుకు ఆగింది అన్నవి ఒక పట్టికగా రాయండి. ఆగడానికి కారణం బిల్డు (కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చడం), టెస్టులు గంటల తరబడి నడవడమే అయితే, మారిన భాగానికి సంబంధించిన వాటినే నడిపించే ఎన్ఎక్స్, టర్బోరెపో వంటి పనిముట్లు చాలు. సగం పూర్తయిన పని మెయిన్ బ్రాంచ్‌లో (అందరూ రిలీజు చేసే ప్రధాన కోడ్ ప్రతిలో) ఉండటం వల్ల రిలీజు ఆగుతుంటే ఫీచర్ ఫ్లాగులు (కొత్త పనిని దాచి, తెరిచే మీటలు) పెట్టండి. కోడ్ ఆసుపత్రికి చేరుతుంది, సిద్ధమయ్యేదాకా ఎవరికీ కనిపించదు. నేను దగ్గరగా చూసిన రెండు చోట్ల ఫ్లాగులు పెట్టాక రోజూ రిలీజు చేయగలిగారు, విడగొట్టవలసిన అవసరమే రాలేదు. ఆగిన రోజుల్లో ఎక్కువ భాగం పక్క టీము కోడ్ వల్లే అని మీ పట్టిక చెబితే అప్పుడు ముందుకు వెళ్లండి. మీ ఉత్తరం చదివితే అలాగే తేలుతుందని నాకు అనిపిస్తోంది. అయినా లెక్క చేతిలో ఉండాలి, మేనేజర్ గారి ముందు కూర్చున్నప్పుడు అదే మీకు అండ.

మైక్రో ఫ్రంటెండ్ అన్న మాట 2016లో థాట్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ సలహా సంస్థ వారి టెక్నాలజీ రాడార్ నివేదిక ద్వారా ప్రచారంలోకి వచ్చింది. పద్ధతి అంతకంటే పాతది. పేజీ ముక్కలను సర్వర్ల దగ్గరే అతికించే ఈఎస్ఐ భాష 2001 నాటిది. స్పాటిఫై వారు ఒకప్పుడు తమ డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో ఒక్కో భాగాన్ని ఒక్కో ఐఫ్రేమ్‌లో (పేజీలో పొదిగిన మరో పేజీలో) పెట్టి నడిపారు. 2020 అక్టోబరులో కోడ్‌ను బిల్డ్ చేసే పనిముట్టు వెబ్‌ప్యాక్ 5తో పాటు మాడ్యూల్ ఫెడరేషన్ వచ్చాక, వేర్వేరుగా బిల్డ్ అయిన ముక్కలను బ్రౌజర్‌లోనే కలపడం తేలికైంది. మీ మేనేజర్ గారు విన్నది బహుశా దాని గురించే. పనిముట్టు ఏదైనా పరీక్ష ఒక్కటే: ఒక టీము తన ముక్కను మరెవరినీ అడగకుండా బిల్డ్ చేసి, పరీక్షించి, ఆసుపత్రికి చేర్చగలుగుతోందా? ఈ పరీక్షలో తప్పే పద్ధతి ఒకటి తరచూ కనిపిస్తుంది. ప్రతి టీమూ తన భాగాన్ని ఎన్‌పీఎం ప్యాకేజీగా (ఇతరులు తమ కోడ్‌లో కలుపుకునే కట్టగా) ప్రచురిస్తుంది, ప్రధాన అప్లికేషన్ వాటన్నిటినీ కలిపి బిల్డ్ చేస్తుంది. రిపోజిటరీలు (కోడ్ దాచే చోట్లు) వేరైనట్టు కనిపిస్తాయి. కానీ ఫార్మసీ ప్యాకేజీ మారితే ప్రధాన అప్లికేషన్ మళ్లీ బిల్డ్ కావాలి, మళ్లీ అందరితో కలిసే బయటికి రావాలి. మీరు తప్పించుకోవాలనుకున్న క్యూ అక్కడే ఉంటుంది.

మన ఊళ్లలో అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొయ్యిలు వేరవుతాయి. బావి, వాకిలి, గోడ ఉమ్మడిగానే మిగులుతాయి. ఆ తర్వాత మాట పట్టింపులు వచ్చేదంతా బావి దగ్గరే. మీ అప్లికేషన్‌లో లాగిన్, మెనూ, పేజీ పైన రోగి పేరు చూపించే పట్టీ, బటన్లూ రంగులూ ఉన్న డిజైన్ లైబ్రరీ ఆ బావి లాంటివి. వాటిని ఎవరు చూసుకోవాలో ముందే తేల్చకపోతే ఎంత గొప్ప పనిముట్టు తెచ్చినా ప్రయోజనం ఉండదు. 27 మందిలోంచి ముగ్గురిని వాటికే కేటాయించండి. మిగతా టీములు ఒక కొత్త బటన్ కోసం ఆ ముగ్గురి దగ్గర రోజుల తరబడి నిలబడవలసి వస్తే మరో క్యూ తయారవుతుంది. అందుకని డిజైన్ లైబ్రరీ చిన్నదిగా ఉండాలి. ఏ టీమైనా తనకు కావలసినది ముందు తన దగ్గరే రాసుకుని, రెండు మూడు చోట్ల అవసరమయ్యాకే లైబ్రరీకి పంపాలి.

ఇక ముక్కలను ఎలా కలపాలి అన్నది. మీది ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కావడం ఇక్కడ పెద్ద అదృష్టం. ఫార్మసీ కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా ఫార్మసీ తెరల్లోనే ఉంటారు. ల్యాబ్ టెక్నీషియన్ ల్యాబ్ తెరల్లోనే ఉంటారు. ఒక విభాగం నుంచి మరో విభాగానికి మాటిమాటికీ వెళ్లేది రిసెప్షన్ వాళ్లు, బిల్లింగ్ వాళ్లు మాత్రమే. అలాంటప్పుడు ఒకే తెర మీద నాలుగు టీముల ముక్కలను బ్రౌజర్‌లో అతికించడం దేనికి? చిరునామాను బట్టి విడగొట్టండి. చిరునామాలో డొమైన్ తర్వాత 'ల్యాబ్' అని ఉంటే ముందున్న ఎన్‌జినెక్స్ సర్వర్ ల్యాబ్ టీము అప్లికేషన్‌కు పంపుతుంది, 'ఫార్మసీ' అని ఉంటే ఫార్మసీ వారి దానికి. రెండూ పూర్తిగా వేర్వేరు అప్లికేషన్లు. ఒకదాని నుంచి మరోదానికి వెళ్లినప్పుడు పేజీ మొత్తం మళ్లీ లోడ్ అవుతుంది, ఒకటి రెండు సెకన్లు పడుతుంది. రోజంతా ఒకే విభాగంలో ఉండేవాళ్లకు ఆ తేడా తెలియదు. డొమైన్ ఒక్కటే కాబట్టి లాగిన్ కుకీ అన్నిటికీ పనిచేస్తుంది. బ్రౌజర్‌లో సమాచారం దాచుకునే లోకల్ స్టోరేజ్ కూడా ఉమ్మడే అవుతుంది గనుక ప్రతి టీమూ తన పేర్ల ముందు టీము పేరు చేర్చుకోవాలి. లేదంటే ఒకరు దాచుకున్నది మరొకరు చెరిపేస్తారు.

ఇది చాలా మామూలు ఏర్పాటులా కనిపిస్తుందని తెలుసు. మాడ్యూల్ ఫెడరేషన్, అలాంటి పనే చేసే సింగిల్‌స్పా లాంటివి నిజంగా కావలసింది ఒకే తెర మీద ఇద్దరు ముగ్గురి పని కలిసి కనిపించాల్సినప్పుడు. మీ దగ్గర అలాంటి చోటు ఒకటుందని ఊహిస్తున్నాను: డాక్టర్ చూసే రోగి పేజీ. అందులో ల్యాబ్ ఫలితాలు, మందులు, బాకీ అన్నీ పక్కపక్కన ఉంటాయి. దాన్ని చివరికి వదిలేయండి. అప్పటిదాకా ఆ పేజీని అపాయింట్‌మెంట్ల టీము దగ్గరే ఉంచి, మిగతా టీములు తమ సమాచారాన్ని ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి అడిగే దారి) ద్వారా ఇస్తే సరిపోతుంది. ఒకవేళ ఎప్పుడైనా ఫెడరేషన్ దాకా వెళితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒకే తెరలో రెండు రియాక్ట్ ప్రతులు కలగలిస్తే హుక్స్ (రియాక్ట్ తెరలు తమ స్థితిని గుర్తుంచుకునే ఏర్పాటు) పనిచేయవు, తెర ఆగిపోతుంది. రియాక్ట్‌ను అందరికీ కలిపి ఒకే ప్రతిగా ఉంచమని అమరికలో చెప్పవచ్చు. కానీ ఆ తర్వాత వెర్షన్లు కలవకపోతే ఆ తప్పు బిల్డ్‌లో దొరకదు. ఆసుపత్రిలో ఎవరో తెర తెరిచినప్పుడు బయటపడుతుంది. ఒకే అప్లికేషన్‌గా ఉన్నప్పుడు కంపైలర్ మీకోసం చేస్తున్న కాపలాను మీరే తీసేస్తున్నారన్న మాట. ఆ కాపలా పనిని టెస్టులతో మళ్లీ కట్టుకోవాలి.

సరిహద్దు ఎక్కడ గీయాలన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. నేను ఎక్కువసేపు ఆలోచించినదీ దీని గురించే. సంస్థలు తయారుచేసే వ్యవస్థలు ఆ సంస్థలోని మనుషులు మాట్లాడుకునే తీరునే పోలి ఉంటాయని మెల్విన్ కాన్వే 1968లో రాశారు. మీ నాలుగు టీములు పనిని బట్టే ఏర్పడ్డాయి గనుక సగం మేలు జరిగింది. మెనూ ఒక టీముకు, పట్టికలు ఒక టీముకు, ఫారాలు ఒక టీముకు అని తెర భాగాలను బట్టి పంచినవాళ్ల దగ్గర చిన్న మార్పుకు కూడా ముగ్గురు కదలవలసి వస్తుంది. మీ దగ్గర కూడా కాగితం మీది టీములూ, నిజంగా జరిగే పనీ ఒకటేనా అన్నది చూడాలి. దానికి గిట్ (కోడ్ మార్పులన్నీ నమోదు చేసే పనిముట్టు) చరిత్ర ఉంది. గత ఆరు నెలల కమిట్లు (నమోదైన మార్పులు) తీసి ఏ ఫోల్డర్లు కలిసి మారుతున్నాయో లెక్కపెట్టండి. ఫార్మసీ మారిన ప్రతి రెండు సార్లలో ఒకసారి బిల్లింగ్ కూడా మారుతోందంటే, ఆ రెండూ ఇంకా ఒకే పొయ్యి మీద వండుతున్నాయి. వాటిని ఇప్పుడు విడదీస్తే ఒక రిలీజు స్థానంలో రెండు రిలీజులు వస్తాయి. అవి కూడా ఒకదాని వెంట ఒకటి, సరైన వరుసలోనే జరగాలి. మందుల ధర, తగ్గింపు, పన్ను లెక్కలు రెండు చోట్లా రాసి ఉండటం దీనికి మామూలుగా కనిపించే కారణం. ఆ లెక్కను సర్వర్ వైపు ఒక్కచోటికి చేర్చాక చూడండి, కలిసి మారడం తగ్గుతుంది. అప్పుడు గీత దానంతట అదే కనిపిస్తుంది.

ల్యాబ్‌తో మొదలుపెట్టమన్నది ఇందుకే. యాంగులర్‌జేఎస్‌కు గూగుల్ అధికారిక మద్దతు 2021 చివరితోనే ఆగిపోయింది. ఆ తెరలను మీరు ఎలాగూ తిరిగి రాయాలి. ఇప్పుడున్న పెద్ద అప్లికేషన్‌లోనే తిరిగి రాసి, ఏడాది తర్వాత మళ్లీ బయటికి తీయడం రెండింతల శ్రమ. ల్యాబ్ వాళ్లు ఆ తెరలు దాటి పెద్దగా వెళ్లరు, బిల్లింగ్‌తో ముడి కూడా తక్కువ. మొదట ఫలితాల జాబితా తెర ఒక్కటి కొత్త అప్లికేషన్‌లో రాయండి, చిరునామా దానికి మళ్లించండి. పాత తెర అలాగే ఉంటుంది కాబట్టి తేడా వస్తే ఎన్‌జినెక్స్‌లో ఒక వరుస మార్చి వెనక్కి వెళ్లిపోవచ్చు. నెల రోజులు నిలబడ్డాక రెండో తెర. బిల్లింగ్‌ను మాత్రం చివరిదాకా కదపకండి, అన్ని విభాగాల దారులూ అక్కడికే చేరతాయి.

నేను పడిన దెబ్బ ఒకటి చెప్పాలి. ఇలాగే విడగొట్టిన ఒకచోట ఒక శుక్రవారం మధ్యాహ్నం రిలీజు చేశాం. పరీక్షల్లో ఏ తప్పూ లేదు. సాయంత్రం నుంచి ఫోన్లు, కొన్ని తెరలు తెల్లగా వస్తున్నాయని. మా దగ్గర తెరిస్తే బాగానే ఉంది. రెండు గంటలు వెతికాక అర్థమైంది. పొద్దున తెరిచిన పేజీని వాళ్లు మూయలేదు. ఆ పేజీ ఇంకా తెరవని తెరల కోసం పాత ఫైళ్ల పేర్లే అడుగుతోంది. మేం కొత్తవి పెడుతూ పాతవి తీసేశాం. మీ ఆసుపత్రుల్లో షిఫ్టులు మారతాయి గానీ కంప్యూటర్ ఆపరు, పేజీ రోజుల తరబడి తెరిచే ఉంటుంది. మీకు ఇది తప్పకుండా ఎదురవుతుంది. పాత ఫైళ్లను కనీసం రెండు వారాలు సర్వర్‌లో ఉంచండి. ప్రతి అప్లికేషన్‌కు ద్వారంలా ఉండే మొదటి ఫైలును మాత్రం బ్రౌజర్ దాచుకోకుండా ప్రతిసారీ సర్వర్‌ను అడిగేలా చేయండి. పేరులో హ్యాష్ (లోపలిది మారితే మారే గుర్తు) ఉన్న మిగతా ఫైళ్లను ఎంతకాలమైనా దాచుకోనివ్వండి. ఫైలు దొరకనప్పుడు తెల్ల తెరకు బదులు "కొత్త వెర్షన్ వచ్చింది, పేజీని మళ్లీ తెరవండి" అని చూపించండి. ఎమర్జెన్సీలో ఉన్న నర్సుకు తెల్ల తెర కనిపించడం ఎంత భయంకరమో మనం ఆఫీసులో కూర్చుని ఊహించలేం.

ముక్కల మధ్య మాటలు ఎంత తక్కువుంటే అంత మంచిది. బిల్లింగ్ తెరకు ఏ రోగి గురించి పిలుస్తున్నారో తెలియాలి, అంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఆ రోగి సంఖ్యను చిరునామాలోనే పంపండి. సంఖ్య మాత్రమే పంపాలి, రోగి పేరు, ఫోన్ నంబరు వద్దు. చిరునామాలు సర్వర్ లాగుల్లో నమోదవుతాయి, అక్కడినుంచి ఎవరెవరి కంటనో పడతాయి. ఒకే రీడక్స్ స్టోర్‌ను (తెరల సమాచారమంతా ఉంచే గిడ్డంగిని) అన్ని అప్లికేషన్లూ పంచుకోవాలన్న ఆలోచన ఎవరైనా తెస్తే అక్కడే ఆపండి. ఎవరు ఏది మార్చారో తెలియని ఉమ్మడి ఖాతా అది, అన్నీ మళ్లీ ఒకే అప్లికేషన్ అయిపోతాయి. ఇంకొకటి. ఒకే డొమైన్ మీద ఉన్న అప్లికేషన్ల మధ్య భద్రత పరంగా గోడ ఏమీ లేదు. ల్యాబ్ కోడ్‌లో చెడ్డ ప్యాకేజీ చేరితే అది బిల్లింగ్ లాగిన్‌తో కూడా సర్వర్‌ను అడగగలదు. అనుమతులన్నీ సర్వర్ వైపే పరీక్షించాలి.

ఇప్పుడు ఫ్రేమ్‌వర్క్ స్వేచ్ఛ సంగతి. యూరప్‌లో బట్టలు, చెప్పులు అమ్మే జలాండో సంస్థ 2015 ప్రాంతంలో మొజాయిక్ అన్న పేరుతో పేజీలను ముక్కలుగా కట్టింది. ఒక్కో టీము తన ముక్కను తనకు నచ్చిన టెక్నాలజీతో రాసుకునేది. పేజీల తీరు ఒకేలా నిలపడం కష్టమై, ఒకే పనిని వేర్వేరు టీములు మళ్లీ మళ్లీ చేయవలసి వచ్చి, తర్వాత వాళ్లు ఒకే ఉమ్మడి చట్రానికి మారారు. మీకంటే ఎన్నో రెట్లు పెద్ద సంస్థ అది. 27 మందిలో ఇద్దరు సెలవు పెడితే పక్క టీము నుంచి ఒకరిని పంపవలసి వచ్చే మీకు నాలుగు ఫ్రేమ్‌వర్కులు మోయలేని బరువు. రియాక్ట్, దాన్ని బ్రౌజర్‌లో చూపించే రియాక్ట్‌డామ్ కలిపి కుదించి పంపినా 40 కిలోబైట్లకు పైగానే ఉంటాయి. దానికి మరో రెండు తోడైతే మండల కేంద్రంలోని ఆసుపత్రిలో పాత కంప్యూటర్, నెమ్మది ఇంటర్నెట్ మీద పనిచేసే రిసెప్షన్ ఉద్యోగి ఆ భారం మోయాలి. యాంగులర్‌జేఎస్ పోయేదాకా రెండు, ఆ తర్వాత ఒక్కటే అని రాసి పెట్టండి. ఒకే ఫ్రేమ్‌వర్క్‌లో వెర్షన్ మార్చుకునే స్వేచ్ఛ టీముకు ఇవ్వండి. అసలు కావలసిన స్వేచ్ఛ అదే.

మేనేజర్ గారితో మాట్లాడటం గురించి మీరు భయపడుతున్నారు. వారు చెబుతున్న దిశ మీకూ ఇష్టమే కదా, అదే మాటతో మొదలుపెట్టండి. తర్వాత ఆగిన రోజుల పట్టిక, గిట్ లెక్క ముందు పెట్టండి. మూడు నెలలు, ఒక ల్యాబ్ టీము, ఒక అప్లికేషన్ అని అడగండి. ఏం జరిగితే కొనసాగించాలి, ఏం జరిగితే ఆపేయాలి అన్నది అప్పుడే రాసుకోండి: ల్యాబ్ మార్పు పూర్తయ్యాక ఆసుపత్రికి చేరే రోజులు తగ్గాలి, ల్యాబ్ తెర మొదటిసారి తెరుచుకునే సమయం ఇప్పటికంటే పెరగకూడదు, ల్యాబ్ రిలీజు వల్ల మరో విభాగం ఒక్కసారి కూడా ఆగకూడదు. ఈ అంకెలు మొదలుపెట్టకముందే కొలిచి ఉంచుకోవాలి, తర్వాత కొలిస్తే పోల్చడానికి ఏమీ ఉండదు. ఆరు నెలల్లో మొత్తం కావాలని వారు పట్టుబడితే, ఆ ఆరు నెలల్లో ఆసుపత్రులు అడిగిన ఏ ఏ పనులు ఆగిపోతాయో పేరుపేరునా రాసి ఇవ్వండి. మార్పుకు అడ్డుపడేవాళ్లు అలాంటి కాగితం రాయరు.

ఒక్క సంగతి మిగిలింది. సొంతంగా రిలీజు చేసే టీము రాత్రి వచ్చే ఫోను కూడా సొంతంగానే ఎత్తాలి. ఇప్పటిదాకా ఏ విభాగంలో తప్పు వచ్చినా బహుశా మీకే ఫోను వస్తూ ఉంటుంది. ప్రతి ఎర్రర్‌తో పాటు టీము పేరు, వెర్షన్ నమోదయ్యేలా చేస్తే ఎవరిని పిలవాలో నిమిషంలో తెలుస్తుంది. ఆ పిలుపులకు ల్యాబ్ టీము నుంచి పేర్లు రాసేటప్పుడు వాళ్లను ముందే కూర్చోబెట్టి అడగండి. ఇంట్లో చిన్నపిల్లలున్నవారు, ఆరోగ్యం బాగులేనివారు, పరీక్షలకు చదువుకుంటున్నవారు ఉంటారు. వారానికి ఇద్దరు చొప్పున, రాత్రి పనిచేసిన మర్నాడు సెలవుతో, వాళ్లే ఒప్పుకున్న వరుసలో పేర్లు రాయండి. ఆ వరుస తయారయ్యాకే ఎన్‌జినెక్స్‌లో మొదటి చిరునామా మళ్లించండి.